మేరీ రాణి మాటల వెంట: లిన్‌లిత్‌గో నుంచి వెస్ట్‌మినిస్టర్ దాకా

స్కాట్లండ్ రాణి మేరీ స్టువర్ట్ 1542లో పుట్టింది. 1587లో ఇంగ్లండ్‌లో ఆమె తల నరికారు. ఆ 44 ఏళ్లలో తన దేశాన్ని తాను స్వయంగా ఏలింది ఆరేళ్లకు కాస్త తక్కువే. ఇంగ్లండ్‌లో బందీగా గడిపింది మాత్రం దాదాపు 19 ఏళ్లు. మన దగ్గర చాలామంది ఈమెను 'బ్లడీ మేరీ' అనుకుంటారు. ఆవిడ వేరు. ఆవిడ ఇంగ్లండ్ రాణి మొదటి మేరీ. ఇద్దరూ కతోలికులే, ఇద్దరి పేరూ ఒకటే, బంధుత్వం కూడా ఉంది. కతలు మాత్రం వేరు.

ఈ జూలైలో మేరీ స్టువర్ట్ పుట్టిన చోటి నుంచి సమాధి దాకా వరసగా వెళ్లొచ్చాం. నాతో మా పిన్ని వచ్చింది. పిన్నిది ఫిరంగిపురం, బాలయేసు గుడి నీడన పెరిగిన మనిషి. జపమాల పట్టుకుని చనిపోయిన రాణి కథ చిన్నప్పుడే సిస్టర్ల దగ్గర విన్నదట. ఆ రాణమ్మ ఊళ్లు చూడాలని ఎప్పటి నుంచో కోరిక. నాకు ఆమె మాటల మీద ఆసక్తి. ఆమె నోటి నుంచి వచ్చినవి, ఆమె చేత్తో రాసినవి, ఆమె పేరు మీద జనం చెప్పుకునేవి చాలా ఉన్నాయి. ఏ మాట ఎక్కడ, ఏ పరిస్థితిలో పుట్టిందో ఆ చోట నిలబడి చదవాలనుకున్నాను.

ఆదివారం: లిన్‌లిత్‌గో, స్టిర్లింగ్

ఎడిన్‌బరోలో పొద్దున్నే పూజ చూసుకుని రైలెక్కితే ఇరవై నిమిషాల్లో లిన్‌లిత్‌గో. స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. చెరువు ఒడ్డున గుట్ట మీద కోట ఉంది. నాలుగు వైపులా ఎత్తయిన గోడలు, పైన ఆకాశం. 1746లో ప్రభుత్వ సైన్యం బస చేసినప్పుడు నిప్పంటుకుని కప్పు మొత్తం పోయింది, మళ్లీ వేయలేదు. నడిమి వాకిట్లో ఐదో జేమ్స్ రాజు కట్టించిన మెట్ల మెట్ల రాతి ఫౌంటెన్ ఇంకా ఉంది.

1542 డిసెంబర్ 8న మేరీ ఇక్కడే పుట్టింది. అప్పటికి రెండు వారాల ముందే ఆమె తండ్రి ఐదో జేమ్స్ సైన్యం సాల్వే మాస్ దగ్గర ఇంగ్లండ్ చేతిలో చిత్తుగా ఓడింది. ఫాక్లండ్ కోటలో మంచం పట్టిన ఆయనకు కూతురు పుట్టిందన్న కబురు అందింది. "ఆడపిల్లతో వచ్చింది, ఆడపిల్లతోనే పోతుంది" అన్నాడని చెబుతారు. స్టువర్టులకు సింహాసనం బ్రూస్ రాజు కూతురు మార్జరీ వైపు నుంచి వచ్చింది, అది ఈ పిల్లతో పోతుందని ఆయన బెంగ. ఈ పిల్లతో పోలేదు గానీ, ఆఖరికి 1714లో ఆన్ రాణితో స్టువర్టుల పాలన ముగిసింది. ఆ మాటన్న కొద్ది రోజులకే, డిసెంబర్ 14న జేమ్స్ కన్నుమూశాడు.

"ఆరు రోజుల పిల్ల రాణా? పురిటి స్నానం కూడా అయ్యుండదే" అంది పిన్ని.

పిల్ల బలహీనంగా ఉంది, బతకదు అని ఇంగ్లండ్‌లో పుకార్లు పుట్టాయి. ఎనిమిదో హెన్రీ తన కొడుకుకి ఈ పిల్లను చేసుకుని స్కాట్లండ్‌ను కలిపేసుకోవాలని చూస్తున్న రోజులవి. ఆయన రాయబారి రాల్ఫ్ శాడ్లర్ ఇక్కడికే వచ్చాడు. తల్లి మేరీ ఆఫ్ గీజ్ ఆయన ముందే పిల్లకు చుట్టిన గుడ్డలన్నీ దాదితో విప్పించి, చూసుకో అని చూపించింది. ఈ వయసులో ఇంత చక్కని బిడ్డను నేను చూడలేదని శాడ్లర్ ఉత్తరం రాశాడు. పెళ్లి బేరానికి వచ్చినవాడి ముందు పసిబిడ్డను అలా నిలబెట్టాల్సి రావడం నాకు చివుక్కుమనిపించింది. పిన్ని మాత్రం ఆ తల్లిని మెచ్చుకుంది.

మధ్యాహ్నం స్టిర్లింగ్. 1543 సెప్టెంబర్ 9న, తొమ్మిది నెలల వయసులో, ఇక్కడి కోట చర్చిలో ఆమెకు పట్టాభిషేకం జరిగింది. ఇప్పుడు కనిపించే చర్చి అది కాదు. ఇది ఆమె కొడుకు 1594లో కట్టించినది. ఐదేళ్ల వయసులో పిల్లను ఫ్రాన్స్ పంపేశారు. అక్కడి యువరాజుతో పెళ్లి, 16 ఏళ్లకు ఫ్రాన్స్ రాణి, 18 నిండకుండానే వితంతువు. 1561 ఆగస్టులో ఓడెక్కి వెనక్కి బయల్దేరినప్పుడు, ఓడ వెనక అంచున నిలబడి "సెలవు ఫ్రాన్స్, నిన్ను మళ్లీ చూడనేమో" అని పదే పదే అంటూ ఏడ్చిందని అదే ఓడలో ఉన్న ఫ్రెంచ్ రచయిత బ్రాంతోమ్ రాశాడు. నిజంగానే మళ్లీ చూడలేదు.

సోమవారం: ఎడిన్‌బరో

హోలీరూడ్ రాజభవనంలో జనం ఎక్కువ. మేరీ గదులు వాయవ్య మూలనున్న పాత బురుజులో, ఇరుకైన మెట్లెక్కి వెళితే ఉంటాయి. పిన్ని మోకాళ్లు పట్టుకుని మెల్లగా ఎక్కింది.

ఆమె వచ్చేసరికి స్కాట్లండ్ పార్లమెంటు ప్రొటెస్టంట్ మతం వైపు తిరిగి ఏడాది అయింది. దేశంలో కతోలిక పూజ (మాస్) చెప్పించడం చట్టప్రకారం నేరం. రాణి మాత్రం కతోలికురాలు. ఫ్రాన్స్‌లో ఉండగానే ఇంగ్లండ్ రాయబారి థ్రాక్‌మార్టన్‌తో, "నా ప్రజల్లో ఎవరినీ బలవంతం చేయను. అందరూ నాలా ఉంటే బాగుండునని మాత్రం కోరుకుంటాను" అంది. వచ్చిన వారంలోనే, మత విషయంలో ఉన్నది ఉన్నట్టు సాగాలి అని ప్రకటన ఇచ్చింది. తన వరకు ఈ భవనంలోని చాపెల్‌లో పూజ చెప్పించుకుంది. 16వ శతాబ్దంలో, రాజు మతమే ప్రజల మతం అనే కాలంలో, ఇది చిన్న సంగతి కాదు. ఆమెను తిట్టేవాళ్లు దీన్ని పక్కన పెట్టేస్తారు, పొగిడేవాళ్లు కూడా ఎక్కువగా చెప్పరు.

ఆ ఒక్క పూజను కూడా సహించనన్నవాడు ప్రొటెస్టంట్ బోధకుడు జాన్ నాక్స్. ఎడిన్‌బరోలో ఆయన ప్రసంగాలకు జనం విరగబడేవారు. ఆడది రాజ్యమేలడం దేవుడికే విరుద్ధమని అంతకుముందే రాసిన మనిషి. 1561 సెప్టెంబర్‌లో మేరీ ఆయన్ను ఇక్కడికే పిలిపించింది. అన్యాయం చేసే ప్రభువును ప్రజలు ఎదిరించవచ్చా అన్న చోట వాదం ముదిరింది. ఆమె చాలాసేపు మౌనంగా ఉండిపోయి, "అయితే నా ప్రజలు వినేది మీ మాట, నా మాట కాదన్నమాట" అంది. తర్వాత, "నేను పోషించేది మీ సంఘాన్ని కాదు. రోము తిరుసభను కాపాడతాను. దేవుని నిజమైన సభ అదేనని నా నమ్మకం" అంది. ఈ సంభాషణ మనకు తెలిసింది నాక్స్ రాసిపెట్టుకున్న దాని నుంచే. ప్రత్యర్థి కలం నుంచి కూడా ఆ పిల్ల మాట ఇంత నిబ్బరంగా వినిపిస్తోందంటే, అసలు గదిలో ఎలా పలికి ఉంటుందో అనిపించింది. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు.

ఆమె పడకగదికి ఆనుకుని భోజనాల గది ఉంది. గది అంటే గదే, నలుగురు కూర్చుంటే నిండిపోతుంది. 1566 మార్చి 9 రాత్రి ఆమె రెండో భర్త డార్న్లీ మనుషులు ఇక్కడే జొరబడి, ఆమె కార్యదర్శి డేవిడ్ రిజియోను ఆమె కుచ్చిళ్లు పట్టుకుని వేలాడుతుండగా ఈడ్చుకెళ్లి పొడిచి చంపారు. ఒంటి మీద 50కి పైగా పోట్లు. ఆమె అప్పటికి ఆరు నెలల గర్భిణి. మనిషి చనిపోయాడని తెలిశాక, "ఇక కన్నీళ్లు చాలు, ప్రతీకారం సంగతి ఆలోచించాలి" అందని రాశారు. ఆ రాత్రి తర్వాత ఆమె చేసిన పని ఆ మాటకు తగ్గట్టే ఉంది. హంతకులతో చేతులు కలిపిన భర్తనే తనవైపు తిప్పుకుని, రెండు రాత్రుల తర్వాత అతనితోనే గుర్రమెక్కి డన్‌బార్‌కి తప్పించుకుంది.

ఇక్కడే ఆమె స్వయంగా కుట్టిన ఒక గుడ్డ ఉంది. ఎరుపు కలిసిన పసుపు రంగు పిల్లి, ముందు చిన్న ఎలుక. ఇంగ్లండ్ చెరలో కుట్టింది. జంతువుల బొమ్మల పుస్తకం చూసి పిల్లిని దించుకుంది గానీ, ఎలుకను తనే చేర్చిందంటారు. ఆమెను చెరలో పెట్టిన ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్‌ది ఎర్రజుట్టు. పిన్ని కళ్లద్దాలు సర్దుకుని దగ్గరగా వంగి చూసింది. చిన్నప్పుడు సిస్టర్ల దగ్గర కుట్టుపని నేర్చుకున్న మనిషి కదా, కుట్టు వరసలు లెక్కపెట్టినంత పని చేసి, "చెయ్యి తిరిగిన పనే అమ్మాయ్, వెలుగు సరిగా లేని గదిలో కుట్టింది కాబోలు" అంది. 1569లో తనను చూడ్డానికి వచ్చిన నికోలస్ వైట్ అనే అధికారితో మేరీ అన్న మాట ఒకటుంది. రోజంతా సూదితోనే గడుపుతున్నాను, రంగులు మారుతుంటే విసుగు తెలియడం లేదు, నొప్పి పుట్టేదాకా కుడుతూనే ఉంటాను అంది. ఆ పిల్లి మీసాలు చూస్తుంటే ఆ మాట గుర్తొచ్చింది.

సాయంత్రం కోట మీదికి వెళ్లాం. 1566 జూన్ 19న కొడుకు జేమ్స్‌ను కన్న గది మరీ చిన్నది, మంచం వేస్తే మనిషి తిరగడానికి చోటుండదు. బిడ్డను డార్న్లీకి చూపిస్తూ, "దేవుడు మనకు కొడుకునిచ్చాడు, వీడు నీ కొడుకే, ఇంకెవరికీ పుట్టినవాడు కాదు" అని అందరి ముందూ అనాల్సి వచ్చింది. అప్పటికే పుట్టిన పుకార్లు అలాంటివి.

మంగళవారం: జెడ్‌బర్గ్

బస్సులో సరిహద్దు వైపు రెండు గంటల ప్రయాణం. 1566 అక్టోబర్‌లో మేరీ న్యాయవిచారణలకు ఈ ఊరొచ్చి, గాయపడిన తన సర్దారు బాత్‌వెల్‌ను చూడ్డానికి హెర్మిటేజ్ కోటకు గుర్రం మీద ఒక్కరోజులో వెళ్లొచ్చింది. ఆ వెంటనే జబ్బుపడి చావు అంచుల దాకా వెళ్లింది. ఆమె బస చేసిందని చెప్పే ఇల్లు ఇప్పుడు మ్యూజియం. "జెడ్‌బర్గ్‌లోనే చనిపోయి ఉంటే బాగుండేది" అని తర్వాతి రోజుల్లో అనేదని ప్రతీతి.

అలా అని ఉంటే ఎందుకందో తర్వాతి ఎనిమిది నెలలు చెబుతాయి. 1567 ఫిబ్రవరి 10న డార్న్లీ ఉన్న ఇల్లు మందుగుండుతో పేలిపోయింది, అతను తోటలో శవమై దొరికాడు. అందరి వేలూ బాత్‌వెల్ వైపే చూపించింది. మే 15న ఆమె అదే బాత్‌వెల్‌ను పెళ్లి చేసుకుంది, అదీ ప్రొటెస్టంట్ పద్ధతిలో. ఆమెను ఎత్తుకెళ్లి బలవంతంగా చేసుకున్నాడంటారు. అది నిజమే కావచ్చు. కానీ ఆ పెళ్లి ఆమెకున్న మద్దతంతా ఊడ్చేసింది. ఈ కొన్ని నెలల్లో ఆమె మాటలేవీ నా మనసుకు ఎక్కలేదు. సంజాయిషీలు, రాయబారులకిచ్చిన వివరణలు, అంతే. పిన్ని ఈ భాగం గురించి ఎక్కువ మాట్లాడలేదు.

బుధవారం: లాక్‌లెవెన్

కిన్‌రాస్ ఊరి రేవు నుంచి చిన్న మోటారు పడవ. టికెట్ ముందే బుక్ చేసుకోవాలి. గాలి విసిరి కొడుతోంది, పిన్ని శాలువా తల మీంచి చుట్టేసుకుంది. సరస్సు మధ్య దీవి, దీవిలో నలుచదరపు రాతి బురుజు. ఇప్పుడు చెట్లతో దీవి కాస్త పెద్దగానే ఉంది. మేరీ కాలంలో నీళ్లు దాదాపు గోడల దాకా ఉండేవి, 19వ శతాబ్దంలో సరస్సు మట్టం దించాక నేల బయటపడింది.

1567 జూన్‌లో తిరుగుబాటు సర్దార్లు ఆమెను తెచ్చి ఇక్కడ పెట్టారు. జూలైలో కవల పిల్లలు కడుపులోనే పోయారు. ఆ నెత్తుటి మంచం మీద ఉండగానే, జూలై 24న, రాజ్యం కొడుక్కి వదిలేస్తున్నట్టు కాగితాల మీద సంతకం పెట్టించారు. ఐదు రోజులకు స్టిర్లింగ్‌లో పదమూడు నెలల జేమ్స్‌కు పట్టాభిషేకం. ఈ సంగతి చెబుతుంటే పిన్ని బురుజు గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. "పచ్చి బాలింత చేత సంతకమా" అని మాత్రం అంది.

తప్పించుకునే ప్రయత్నాల కథ మాత్రం వినసొంపుగా ఉంటుంది. 1568 మార్చిలో చాకలి మనిషి వేషంలో ముసుగేసుకుని పడవెక్కింది. పడవవాడు సరదాకి ముసుగు లాగబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి మరీ తెల్లగా, సుకుమారంగా ఉండేసరికి గుట్టు బయటపడింది. ప్రాణం పోగొట్టుకుంటావు, పడవ పోనీయ్ అని ఆమె గద్దించినా వాడు వినలేదు, వెనక్కి తిప్పాడు. ఎవరికీ చెప్పకుండా మాత్రం ఉన్నాడు. మే 2న విల్లీ డగ్లస్ అనే కుర్రాడు భోజనాల బల్ల దగ్గర తాళాలు కొట్టేసి, ఆమెను బయటికి పంపి, వెనక నుంచి కోట తలుపుకు తాళం వేసి, ఆ తాళాలు నీళ్లలోకి విసిరేశాడు.

గురువారం: డండ్రెనన్, కార్లైల్

కారు అద్దెకు తీసుకుని నైరుతి వైపు బయల్దేరాం. లాక్‌లెవెన్ దాటిన పదకొండు రోజులకే, మే 13న గ్లాస్గో దగ్గర లాంగ్‌సైడ్‌లో ఆమె సైన్యం ఓడింది. అక్కడి నుంచి దక్షిణానికి పరుగు. మే 15 రాత్రి డండ్రెనన్ మఠంలో గడిపింది. సొంత దేశంలో ఆమె పడుకున్న ఆఖరి రాత్రి అదే.

మఠం ఇప్పుడు పచ్చికలో నిలబడ్డ కొన్ని ఎత్తయిన గోడలు, తోరణాలు. జనం లేరు. మేం, గొర్రెలు. పులిహోర అక్కడే రాతి మీద కూర్చుని తిన్నాం. వెంట ఉన్నవాళ్లు వద్దని బతిమాలినా, ఫ్రాన్స్ వెళ్లకుండా ఎలిజబెత్‌ను నమ్మి ఇంగ్లండ్ వెళ్తానంది. దేవుడి తర్వాత మీ మంచితనమే నాకు దిక్కు అని ఆమెకు ఇక్కడి నుంచే ఉత్తరం రాసింది. మర్నాడు చేపల పడవలో సాల్వే పాయ దాటి వర్కింగ్‌టన్‌లో దిగింది. ఎలిజబెత్ ఆమెను జీవితంలో ఒక్కసారి కూడా కలవలేదు.

ఆ మజిలీ నుంచి ఆమెను కార్లైల్ తీసుకెళ్లారు, మేమూ రాత్రికి అక్కడే దిగాం. జూన్ 21న కార్లైల్ నుంచి ఫ్రాన్స్‌లోని మేనమామకు రాసిన ఉత్తరం నాకు ఆమె రాతలన్నిటిలో బాగా నచ్చినవాటిలో ఒకటి. "అవమానాలు, అపనిందలు, చెర, ఆకలి, చలి, ఎండ, ఎటు పోతున్నానో తెలియని పరుగు, అన్నీ పడ్డాను. ఆగకుండా, గుర్రం దిగకుండా 92 మైళ్లు వచ్చాను. కటిక నేల మీద పడుకున్నాను, పుల్లటి పాలు తాగాను, రొట్టె లేకుండా ఓట్ల పిండి తిన్నాను, మూడు రాత్రులు గుడ్లగూబలా గడిపాను." ఇందులో రాణీతనం లేదు, నాటకీయత లేదు. పడ్డ కష్టం పడ్డట్టు చెప్పడమే. ఇక్కడి నుంచే ఆమె మాట మారుతుంది. కిరీటం ఉన్నప్పుడు ఆమె మాటల్లో చాలావరకు ఎవరికో ఇచ్చుకున్న జవాబులే. కిరీటం పోయాక, కాపలా పెరిగినకొద్దీ, ఆమె నోరు తెరిస్తే మాట నేరుగా వెళ్లి తగులుతుంది.

శుక్రవారం: షెఫీల్డ్

దారిలో ఒక పూట ఆగాం. 1570 నుంచి 1584 దాకా ష్రూస్‌బరీ ప్రభువు కాపలాలో ఆమె ఎక్కువ కాలం గడిపింది ఇక్కడే. మేనర్ లాడ్జ్ శిథిలాలను బయటి నుంచే చూశాం. షెఫీల్డ్ అనగానే ఇప్పుడు నాకు ఆ ఉత్తరాలే గుర్తొస్తాయి. 2023లో ముగ్గురు గూఢలిపి నిపుణులు పారిస్ జాతీయ గ్రంథాలయంలో వేరే కాగితాల కింద నమోదై పడి ఉన్న 57 లేఖల సంకేతం ఛేదించారు. అవి 1578 నుంచి 1584 మధ్య మేరీ రాసినవని తేలింది. ఎక్కువ భాగం ఇంగ్లండ్‌లోని ఫ్రెంచ్ రాయబారికి. తన ఆరోగ్యం, చెరలో కష్టాలు, విడుదల బేరాలు, కొడుకు గురించి దిగులు. 400 ఏళ్లు దాటాక ఒక మనిషి మాటలు కొత్తగా వినిపించడం ఎంత అదృష్టం!

శనివారం: ఫోదరింగే, పీటర్‌బరో

ఫోదరింగేకి రైలు లేదు. పీటర్‌బరో నుంచి దాదాపు 20 కిలోమీటర్లు. నెన్ నది పక్కన గడ్డి మొలిచిన దిబ్బ, నది ఒడ్డున కంచెలో పెట్టిన ఒక రాతి కట్టడపు ముక్క. కోటలో మిగిలింది అదే. కంచెకు ఫలకాలున్నాయి. ఒకటి ఇక్కడే పుట్టిన మూడో రిచర్డ్ రాజుకి, ఒకటి మేరీకి. దిబ్బ మీద ముళ్ల తిసిల్ మొక్కలు పూసి ఉన్నాయి. అవి మేరీ నాటినవని ఊళ్లో చెప్పుకుంటారు.

1586లో ఏం జరిగిందో ఇక్కడ చెప్పుకోవాలి. చార్ట్‌లీలో ఆమె బందీగా ఉన్నప్పుడు బీరు పీపాల బిరడాల్లో దాచిన రహస్య ఉత్తరాలు అటూ ఇటూ వెళ్లేవి. ఆ దారి ఏర్పాటు చేయించిందే ఎలిజబెత్ గూఢచారి మంత్రి వాల్సింగమ్. ఎలిజబెత్‌ను చంపి మేరీని గద్దెనెక్కించాలని బాబింగ్టన్ అనే యువకుడు రాస్తే, జూలై 17న ఆమె జవాబిచ్చింది. ఆ జవాబు సంకేతలిపి విప్పి చదివిన వాల్సింగమ్ మనిషి ఫెలిప్స్ దాని మీద ఉరికంబం బొమ్మ గీశాడట. ఆ ఉత్తరం ఆమె రాయించిందేనని నేను నమ్ముతున్నాను. చివరలో ఒక భాగం ఫెలిప్స్ చేర్చినా, అసలు ఉత్తరం ఆమెదే. పిన్నితో ఈ మాటంటే, "అన్నేళ్లు తలుపేసి కూర్చోబెట్టినోళ్ల మేలు ఎవరు కోరతారే?" అని నా మీద కోప్పడింది. అదీ నిజమే.

విచారణ అక్టోబర్ 14, 15 తేదీల్లో ఈ కోటలోనే జరిగింది. వకీలు లేడు, తన కాగితాలు తనకివ్వలేదు. అంతకు ముందు కాపలాదారు పాలెట్‌తో అంది: "పాపిగా నా సృష్టికర్త మనసు ఎన్నోసార్లు నొప్పించానని తెలుసు, క్షమించమని వేడుకుంటున్నాను. రాణిగా మాత్రం ఈ భూమ్మీద ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోవలసిన తప్పేదీ ఎరగను." న్యాయనిర్ణేతలు వచ్చినప్పుడు, "మీ మనస్సాక్షిని చూసుకోండి. లోకమనే రంగస్థలం ఇంగ్లండ్ రాజ్యం కన్నా పెద్దదని గుర్తుంచుకోండి" అంది. ఈ రెండు మాటలూ ఆ దిబ్బ మీద నిలబడి పైకి చదివాను. చుట్టూ గోధుమ చేలు, నది, దూరంగా చర్చి శిఖరం. ఇంత చిన్న ఊళ్లో, బయటివాళ్లు ఎవరూ వినని గదిలో, లోకం చూస్తోందని గుర్తు చేయడానికి ఎంత ధైర్యం కావాలి!

1587 ఫిబ్రవరి 7 సాయంత్రం, రేపు పొద్దున ఎనిమిదింటికి మరణశిక్ష అని చెప్పారు. ఆమె తన కతోలిక గురువును పిలిపించమంది. ఆయన అదే కోటలో ఉన్నా రానివ్వలేదు. చనిపోయే ముందు కతోలికులకు దక్కాల్సిన పాపసంకీర్తనం లేదు, అంత్య అభ్యంగనం లేదు. పిన్నికి గొడ్డలి కన్నా ఇది ఎక్కువ బాధ పెట్టింది. రాత్రి రెండు గంటలకు ఫ్రాన్స్ రాజు, తన మరిది మూడో హెన్రీకి ఆఖరి ఉత్తరం రాసింది. నన్ను నేరస్థురాలిలా చంపబోతున్నారు, నా కతోలిక విశ్వాసం, ఇంగ్లండ్ కిరీటం మీద నాకున్న హక్కు, ఈ రెండే నా నేరాలు అంది. తన పనివాళ్ల జీతాలు ఇప్పించమని, తన ఆత్మ కోసం ప్రార్థనలు చేయించమని కోరింది. ఆ ఉత్తరం స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. కాగితం పాడవకుండా అరుదుగానే బయటపెడతారు, ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. దాన్ని మూసిన తీరు గురించి ఈ మధ్య పరిశోధకులు బయటపెట్టారు. ఆ కాగితం అంచు నుంచే సన్నని పట్టీ కోసి, మడిచిన ఉత్తరానికి గాట్లు పెట్టి, పట్టీని ఆ గాట్లలోంచి మళ్లీ మళ్లీ దూర్చి, గుడ్డ కుట్టేసినట్టు బిగించింది. పట్టీ తెంచకుండా ఎవరూ విప్పలేరు. చచ్చిపోయే ముందు రాత్రి కూడా ఆ చేతులు వణకలేదు.

పొద్దున కోట హాలులో వేదిక. ఏడుస్తున్న తన ఇంటి అధికారి మెల్విల్‌తో, "నువ్వు ఏడవడం కాదు, సంతోషించాలి, మేరీ స్టువర్ట్ కష్టాలు తీరబోతున్నాయి. నా మతానికి నిజమైనదానిగా, నిజమైన స్కాట్ ఆడదానిగా, నిజమైన ఫ్రెంచ్ ఆడదానిగా చనిపోయానని చెప్పు" అంది. పీటర్‌బరో కెథడ్రల్ పెద్ద (డీన్) ఫ్లెచర్ ప్రొటెస్టంట్ ప్రార్థన మొదలుపెడితే, "డీన్‌గారూ, నన్ను ఇబ్బంది పెట్టకండి. నేను పురాతన రోమన్ కతోలిక విశ్వాసంలో స్థిరపడ్డాను, దాని కోసం నెత్తురు చిందించబోతున్నాను" అంది. ఆయన గొంతు పెంచితే ఆమె చేతిలో సిలువ పట్టుకుని లాటిన్‌లో తన ప్రార్థన ఇంకా గట్టిగా చెప్పింది. క్షమించమని మోకరించిన తలారులతో, "మనస్ఫూర్తిగా క్షమిస్తున్నాను, నా కష్టాలన్నిటికీ మీరు ముగింపు పలుకుతారని ఆశిస్తున్నాను" అంది. పై దుస్తులు తీస్తే లోపల ఎరుపు, విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వేదసాక్షుల రంగు. మొదటి వేటు గురి తప్పి తల వెనక పడింది. ఆమె బట్టలు, రక్తం అంటిన ప్రతి గుడ్డా కాల్చేశారు, అవశేషాలుగా ఎవరూ దాచుకోకుండా. ఆమె వెంట తీసుకెళ్లిందని చెప్పే బంగారు జపమాల ఆరండెల్ కోటలో ఉండేది. 2021 మేలో దొంగలు ఎత్తుకెళ్లారు. పిన్ని ఆ మాట విని చేతిలో ఉన్న తన జపమాలను బ్యాగులో పెట్టి జిప్పు వేసుకుంది.

మధ్యాహ్నం పీటర్‌బరో కెథడ్రల్‌. ఆమెను మొదట పూడ్చింది ఇక్కడ, ఆగస్టు 1న. చనిపోయిన దాదాపు ఆరు నెలలకు! దక్షిణం వైపు ఆ చోటు మీద రాతి పలక. ఉత్తరం వైపు ఇంకో కతోలిక రాణి, ఎనిమిదో హెన్రీ వదిలేసిన కేథరిన్ ఆఫ్ ఆరగాన్ సమాధి. ఎవరో దానిమ్మ పండు పెట్టి వెళ్లారు, అది ఆమె గుర్తు. ఇద్దరికీ గుంట తవ్వింది రాబర్ట్ స్కార్లెట్ అనే ఒకే కాటికాపరి. 98 ఏళ్లు బతికిన ఆయన బొమ్మ లోపల గోడ మీద ఉంది, చేతిలో పార.

సోమవారం: వెస్ట్‌మినిస్టర్

ఆదివారం పూజ, విశ్రాంతి. వెస్ట్‌మినిస్టర్ ఆబీ చర్చిని ఆదివారం సందర్శకులకు తెరవరు కాబట్టి సోమవారం లండన్ వెళ్లాం.

1612లో కొడుకు జేమ్స్ ఆమెను ఇక్కడికి మార్పించాడు. అతను పది నెలల పిల్లాడిగా ఉన్నప్పుడు చూసిందే ఆఖరు. తల్లికి మరణశిక్ష పడినప్పుడు అతను ఇంగ్లండ్ కిరీటం మీద ఆశతో గట్టిగా అడ్డుపడలేదు. ఏడో హెన్రీ చాపెల్‌లో ఉత్తరం నడవలో ఎలిజబెత్ సమాధి, దక్షిణం నడవలో మేరీది. కొడుకు తల్లికి కట్టించింది ఎలిజబెత్‌దాని కన్నా పెద్దది. తెల్ల పాలరాతి బొమ్మ, చేతులు జోడించి, పాదాల దగ్గర కిరీటం పెట్టుకున్న స్కాట్లండ్ సింహం. చుట్టూ నార్తాంప్టన్ ప్రభువు లాటిన్‌లో రాసిన పొడుగాటి స్తుతి చెక్కించారు. గొప్ప వంశం, గొప్ప భర్త, గొప్ప సహనం అంటూ సాగుతుంది. ఫోదరింగేలో ఆమె అన్న మాట ఒక్కటి కూడా చెక్కించలేకపోయారా అని నాకు కష్టమేసింది.

పిన్ని చాలాసేపు కళ్లు మూసుకుని ప్రార్థించుకుంది. బయటికొచ్చాక ఆమె వేదసాక్షి అవునా కాదా అని మళ్లీ వాదన. తిరుసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించలేదు అన్నాను. "ప్రకటించకపోతేనేం, ఆ డీన్‌కి చెప్పిన జవాబు చాలదా?" అంది. ఆ జవాబుకి నేను కూడా తలవంచుతాను, కానీ బాబింగ్టన్ ఉత్తరాన్ని దాని కింద దాచలేను అన్నాను.

ఆమె అడిగింది ఇక్కడ పడుకోవాలని కాదు. ఫ్రాన్స్ తీసుకెళ్లి, రైమ్స్‌లో తల్లి పక్కన పూడ్చమంది. ఒప్పుకోలేదు. పిన్నికి అది మింగుడుపడలేదు. రైమ్స్‌లోని ఆ తల్లి సమాధి ఫ్రెంచ్ విప్లవంలో ధ్వంసమైపోయిందని, అక్కడ పూడ్చి ఉంటే ఈమెదీ మిగిలేది కాదని చెప్పాను.

"పోతే పోయేది, అమ్మ పక్కనే పోయేదిగా" అంది పిన్ని.